కుండలో లేని తాటాకు

దగ్గరికి జరగండమ్మా, చాప మీద ఇంకా చోటుంది. పొయ్యి మీద ఏమైనా ఉంటే దింపి రండి. పిల్లలు నిద్రకొస్తే ఒళ్లో వేసుకోండి. నేను చెప్పబోయేది పరుగు మీద వినే సంగతి కాదు. సరస్సు మీద తెరచాప పడవలాంటిది. గాలి ఉన్నప్పుడు కదులుతుంది, లేనప్పుడు నీళ్ల మీద ఊరికే నిలబడి ఆకాశాన్ని చూస్తుంది.

మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు కొత్తగా ఆరోగ్య శాఖలో చేరారు. ఇంటింటికీ తిరిగి టీకాలు వేయించే పని. మొన్న ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని వచ్చి, "రాహేలమ్మక్కా, జనం మమ్మల్ని తిడుతున్నారు. నువ్వెట్టా చేశావక్కా ఇన్నేళ్లు?" అని అడిగారు. వాళ్ల కోసమే ఇది. నేను చదివింది మిషను బడిలో మూడో తరగతి. రాయడం కన్నా చెప్పడం బాగా వచ్చు. నోటికి వచ్చిన వరసలోనే రాసుకుపోతాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

చెవి పెట్టి వినే పని

ఇప్పుడు రాకెట్లు లేచే దీవి వైపు ఇంకా అడవీ ఇసుకా తప్ప మరేమీ లేని రోజులు. పులికాటు సరస్సు ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఆయాని. పేరుకు ఆయానే గానీ ఆసుపత్రిలో ఉన్నది తక్కువ, నీళ్ల మీద ఉన్నది ఎక్కువ. సరస్సు అవతలి కుప్పాలకు, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలకు, టీకాలు వేయడానికి దశరథం గారు వెళ్లేవారు. ఆయన వెనకాల నేను. ఐసు ఫ్లాస్కు మోయడం, ఆడవాళ్లతో మాట్లాడటం నా వంతు.

దశరథం గారు పొడుగు మనిషి. మెడ కొంచెం ముందుకు వంచి, గొడుగు చంకలో పెట్టుకుని, లోతులేని నీళ్లలో కొంగ నడిచినట్టు నడిచేవారు. సూది పట్టుకునే ముందు ప్రతి బిడ్డనూ పేరు అడిగేవారు. ఏ పేరు చెప్పినా "మంచి పేరు. ఎవరు పెట్టారు?" అనేవారు. బిడ్డ ఆలోచనలో పడేది. నాయనమ్మా, మేనత్తా అని తేల్చుకునేలోపల పని అయిపోయేది. ఏడుపు తర్వాత వచ్చేది.

ఆ నాటి టీకా ఇప్పటి టీకా కాదు. మశూచికి వేసే మందు సన్నటి గాజు గొట్టాల్లో మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. ఒక్కో గొట్టం కొందరు పిల్లలకు సరిపోయేది. మందు చల్లగా ఉన్నంతసేపే బతికి ఉంటుంది. వేడి తగిలితే చచ్చిపోతుంది, చచ్చిందని చూస్తే తెలియదు. రంగు మారదు, వాసన రాదు. బతికిన మందు వేస్తే వారానికల్లా చేతి మీద పొక్కు లేస్తుంది. చచ్చిన మందు వేస్తే నొప్పి మాత్రమే మిగులుతుంది.

అందుకని నేను పడవలో కూర్చున్నంతసేపూ ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని దానికి చెవి ఆనించేదాన్ని. ఐసు ముక్కలు ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమంటుంటే ప్రాణం కుదుటపడేది. చుట్టూ చూస్తే నీళ్లేవో ఆకాశమేదో తెలిసేది కాదు. కొంగలు గుంపుగా లేస్తే నీటి మీది మబ్బు లేచినట్టుండేది. అడుగు తగిలిన చోట పడవవాడు దిగి తోసేవాడు. మేమూ దిగి, పడవ పక్కన మోకాలి లోతు నీళ్లలో నడిచేవాళ్లం. ఫ్లాస్కు నా నెత్తి మీద. ఒక్కోసారి నేను నడుస్తున్నానా, కల కంటున్నానా అనిపించేది. టక్కుమనే ఆ చప్పుడే నన్ను భూమ్మీద నిలబెట్టేది.

వేపమండలు కట్టిన గుమ్మాలు

మొదటి సంవత్సరాల్లో మమ్మల్ని చూస్తే ఊళ్లు ఖాళీ అయిపోయేవి. తాటికుప్పం అనే ఊళ్లో ఒకసారి ఆడవాళ్లంతా బిడ్డల్ని చంకనేసుకుని సరస్సులోకి దిగి, నడుము లోతు నీళ్లలో నిలబడ్డారు. దశరథం గారు గొడుగు విప్పుకుని ఒడ్డున కూర్చున్నారు. ఎండ ఎక్కింది. నీళ్లలోంచి ఒకామె కేకేసింది.

"ఏం సారూ, ఇంకా పోలేదా? మాపటిదాకా మేం ఈడే ఉంటాం!"

"ఉండమ్మా. చేపలు పడితే నాకూ రెండు పట్టుకురా."

ఆమె నవ్వింది గానీ బయటికి రాలేదు.

వాళ్లకు బుద్ధి లేక కాదు. మశూచి వాళ్లకు రోగం కాదు, అమ్మవారు ఇంటికి రావడం. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంట్లో తాలింపు వేయరు, గట్టిగా మాట్లాడరు, వచ్చినామెకు కోపం రాకూడదని. నేను ఏసుప్రభువును నమ్ముకున్నదాన్ని. అయినా ఆ గుమ్మాల ముందు నిలబడితే నా గొంతు కూడా దానంతట అదే తగ్గేది. గుమ్మం లోపల ఒక తల్లి బిడ్డకు వేపాకులతో మెల్లగా విసురుతుంటుంది. అక్కడికి వెళ్లి, ఇది అమ్మ కాదు రోగం అని అరవడానికి నోరెట్టా వస్తుంది?

మాకొక ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. పోలీసును వెంటబెట్టుకుని వచ్చి, తలుపులు నెట్టించి, గుంజుకొచ్చి సూదులు పొడిపించేవాడు. అట్లా ఒక రోజు కాగితాల మీద చాలా టీకాలు పడ్డాయి. ఆయన వీధి మలుపు తిరగగానే తల్లులు కొంగుతో బిడ్డల చేతులు తుడిచేశారు. తడి ఆరకముందే తుడిస్తే మందు పట్టదు. అది వాళ్లకూ తెలుసు. పోలీసు చేతికి భయపడిన బిడ్డ మరుసటి ఏడాది మన చేతికీ దొరకదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

తాటికుప్పంలో ఒకే ఒక్కామె పారిపోలేదు. ఆమె పేరు మస్తానమ్మ. మొగుడు సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలకు తిరిగేది. చెయ్యి పట్టుకుని నడిచే కొడుకు శీనయ్య, కడుపులో ఇంకొకరు.

"ఈడి నాయన్ని గంగమ్మ తీసకపాయె. ఈణ్ణి కూడా ఇంకో అమ్మ తీసకపోతే నాకేం మిగల్ద్ది? పొడవండి సారూ" అని కొడుకు చెయ్యి చాపింది. చుట్టుపక్కలవాళ్లు శాపాలు పెట్టారు. ఆమె వినలేదు.

ఆ రోజు గాలి లేక పడవ దారిలోనే చాలాసేపు నిలిచిపోయింది. ఊరు చేరేసరికి ఫ్లాస్కులో టక్కుమనే చప్పుడు లేదు, నీళ్ల గలగలే ఉంది. నేను చెప్పాను. దశరథం గారు ఫ్లాస్కును తడిమి చూసి, "ఇంత దూరం వచ్చి, చెయ్యి చాపిన ఒక్కామెనూ వెనక్కి పంపితే ఇంకెవరు చాపుతారు రాహేలూ? ఇంకా చల్లగానే ఉందిలే" అని వేసేశారు.

పొక్కు లేవలేదు. మళ్లీ వేయడానికి మందు వచ్చేలోపే అమ్మవారు వచ్చింది. శీనయ్య పోయాడు.

ఆ వార్త విన్న తర్వాత దశరథం గారు చాన్నాళ్లు బిడ్డల పేర్లు అడగలేదు.

వచ్చే వారం

శీనయ్య పోయిన మరుసటి వేసవిలో తాటికుప్పం పక్క ఊళ్లో అమ్మవారు గట్టిగా పోసింది. ఒకే ఇంట్లో ముగ్గురు పడుకున్నారు. టీకా పొక్కు లేచిన పిల్లలు మాత్రం ఆ మంచాల పక్కనే ఆడుకుంటున్నారు, వాళ్లకేమీ కాలేదు. అది ఆడవాళ్లు కళ్లారా చూశారు. మేం ఎన్నేళ్లుగా చెప్పినా నమ్మని మాట ఆ మంచాలు చెప్పాయి.

ఒక్కసారిగా గాలి మారింది. మమ్మల్ని చూస్తే నీళ్లలోకి దిగే ఊరు, ఇప్పుడు మా పడవ కోసం నీళ్లలోకి దిగి ఎదురొచ్చింది. సరిగ్గా అప్పుడే మందు రావడం మానేసింది.

ఎందుకు మానేసిందో నాకీనాటికీ పూర్తిగా తెలియదు. అన్ని జిల్లాలూ ఒకేసారి అడిగాయన్నారు. మద్రాసులో తయారీ చాలడం లేదన్నారు. వచ్చిన పెట్టె ఒకటి స్టేషనులో ఎండలో ఉండిపోయి పారబోశారన్నారు. మేం ఖాళీ ఫ్లాస్కుతో సరస్సు దాటేవాళ్లం. దశరథం గారు ప్రతిసారీ "వచ్చే వారం" అనేవారు. ఆయనకు పై నుంచి అట్లాగే చెప్పేవారు. ఆయన నమ్మి చెప్పేవారు.

మునెయ్య అని ఒక మొరటు మనిషి ఉండేవాడు. పెద్ద గొంతు, పెద్ద వల. ఒకరోజు పడవకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంది సారూ, మళ్లా వట్టి సీసానేనా? మాకొద్దు మొర్రో అంటే ఎంటపడి పొడిచినారే! ఇప్పుడు మేమే చేతులు చాపతుంటే యాడికి పాయె మీ మందు?"

"వచ్చే వారం మునెయ్యా..."

"ఆ వారానికి పేరేమన్నా ఉండాదా? పేటలో గుమస్తాల పిల్లకాయలకు రెండేసి సార్లు పొడిచినారంట గదా!"

"రెండోసారి ఎవరు పొడిపించుకుంటారయ్యా? ఒకసారికే ఊరు లేచిపోయేట్టు ఏడుస్తారు."

వెనకాల ఎవరో నవ్వారు. మునెయ్య నవ్వలేదు. "నవ్వులాటలు చెయ్యబాకండి సారూ. ఇంట్లో పిల్లోడుండాడు నాకు" అన్నాడు. ఆ చివరి మాట దగ్గర అతని పెద్ద గొంతు చిన్నదైపోయింది.

తిరుగు పడవలో నేను దశరథం గారితో, "సార్, ఇక వారం పేరు ఎత్తొద్దు. తెలియదని చెప్పేద్దాం" అన్నాను. ఆయన నీళ్లలోకి చూస్తూ, "తెలియదంటే కొడతారేమో" అన్నారు. ఆ తర్వాతిసారి తెలియదనే చెప్పారు. ఎవరూ కొట్టలేదు. తిట్టారు గానీ, కూర్చోబెట్టి చల్ల ఇచ్చారు.

మందు లేదంటే మనుషులు ఓర్చుకుంటారమ్మా. రేపు రేపంటూ తిప్పితే ఓర్చుకోరు. మిమ్మల్ని ఇప్పుడు తిట్టేవాళ్లు కూడా మీ మందు వద్దని తిట్టడం లేదు. కావాలనుకున్నవాడే గట్టిగా అరుస్తాడు. గుమ్మం వేసుకుని మౌనంగా ఉన్నవాడి గురించి దిగులుపడండి.

ఆ రోజుల్లో మస్తానమ్మ గుంపులోకి వచ్చేది కాదు. చేపలు ఆరబెట్టిన ఇసుక దగ్గర నిలబడి దూరం నుంచి చూసేది. చంకలో గంగ. మొగుడు పోయాక పుట్టిన ఆడపిల్ల. అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. నేను దగ్గరికి వెళ్తే ముఖం తిప్పుకునేది. శీనయ్య పేరు మా ఇద్దరి మధ్యా ఇసుకలో దిగేసిన లంగరులా ఉండేది.

పోలమ్మవ్వ చెయ్యి

చివరికి మందు వచ్చింది. వచ్చింది గానీ కొన్ని గొట్టాలే. ఇదివరకు టీకా పడని చిన్నపిల్లలకు మాత్రమే వేయమని ఆర్డరు. వాళ్లకే చాలదు. ఆ ఉదయం మంచి గాలి ఉంది. ఫ్లాస్కు దారంతా టక్కు టక్కుమంటూనే ఉంది.

తాటికుప్పం ఒడ్డున ఊరంతా ఉంది. గొట్టాలు చూసి గోల మొదలైంది. మా బిడ్డకంటే మా బిడ్డకని తోసుకున్నారు. దశరథం గారి గొడుగు విరిగింది. ఎవరికి ముందు వేయాలో ఆయనకూ తోచలేదు.

ఊరి పెద్ద చెంగయ్య గారు కర్ర ఇసుకలో గుచ్చి కేకేశారు. "కొట్టుకు చావబాకండ్రా! ఇంత సరస్సునే పంచుకుంటుండాం, నాలుగు సూదుల్ని పంచుకోలేమా? తీసకరాండి కుండని."

ఆ ఊరి పద్ధతి చెప్పాలి మీకు. సరస్సులో అన్ని చోట్లా చేపలు ఒక్కలాగా పడవు. మంచి చోట రోజూ ఒకడే వల వేస్తే మిగతావాళ్లు ఏం తినాలి? అందుకని చోట్లకు వంతులు వేసుకుంటారు. ఒక్కో వలకు ఒక్కో తాటాకు ముక్క. దాని మీద ఆ ఇంటి గుర్తు ఇనుప ములికితో గీస్తారు. ఒకరిది చేప, ఒకరిది లంగరు, ఒకరివి రెండు తెడ్లు. అన్నీ కుండలో వేసి కలుపుతారు. ఏ ముక్క ముందు వస్తే ఆ ఇంటికి ముందు వంతు. దాని మీద ఇక మాట ఉండదు.

కుండలోంచి తీసేది ఎప్పుడూ పోలమ్మవ్వే. చిన్నతనంలో అమ్మవారు పోసినప్పుడు ఆమె చూపు పోయింది. ముఖమంతా మచ్చలు. చూపు లేని చెయ్యి ఎవరి పక్షమూ పట్టదని ఊరి నమ్మకం.

వలలు ఆరేసిన కర్రల నీడలో అవ్వను కూర్చోబెట్టి కుండ ముందు పెట్టారు. చెంగయ్య గారు ఒక్కో ఇంటి పేరూ పిలుస్తూ ఆకులు వేశారు. అన్నీ అయ్యాక, "ఇంక పెట్టవ్వా చెయ్యి" అన్నారు.

అవ్వ చెయ్యి పెట్టింది. కాసేపు ఆకులు కలిపింది. ఖాళీ చేత్తో బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అందరూ అయిపోయినారా చెంగయ్యా?"

"అయిపోయినారవ్వా."

"మస్తానమ్మ పేరు ఇనపడలేదే?"

"దానికి వల యాడుండాదవ్వా? వల లేనోళ్లకు ఆకు లేదు గదా. నీకు తెలీంది ఏముండాది?"

"తెలుసురా. నా మొగుడు పోయిన నాడు నా ఆకునూ ఈ కుండలోంచే ఏరేసినారు." అవ్వ ముఖం సరస్సు వైపు తిరిగి ఉంది. "నా కళ్లు తీసుకునేటప్పుడు అమ్మ నన్నడగలేదు చెంగయ్యా, మీ ఇంట్లో వలుండాదా అని."

తడి వలల్లోంచి నీటిబొట్లు ఇసుక మీద పడుతున్నాయి. నా ఒళ్లో ఫ్లాస్కులో ఐసు టక్కుమంటోంది, ముందుకన్నా నెమ్మదిగా. ఆ గుంపులో అది నాకొక్కదానికే వినపడుతోంది. అది కరిగిపోతే ఎవరి ఆకు వచ్చినా ఒకటే.

మునెయ్య గొంతు విప్పాడు. "అందరి ఆకులూ కలిపితే మా పిల్లకాయల వంతు ఎనక్కి పోద్ది గదవ్వా! అడిగితే తప్పా?"

"తప్పు గాదు నాయనా. నీ బిడ్డ కోసం నువ్వు భయపడాల. దాని బిడ్డ కోసం భయపడేదానికి దానికి మొగుడు లేడు. ఊరన్నా ఉండాల గదా."

చెంగయ్య గారు కర్రతో ఇసుకలో ఏదో గీసి, చెరిపి, మళ్లీ గీశారు. ఆయన మనవడి ఆకు కూడా ఆ కుండలో ఉంది. అందుకే చాలాసేపు పట్టింది.

"సరే. ఈ పొద్దు వలకు గాదు. బిడ్డ ఉండే పొయ్యికి ఒక ఆకు" అన్నారు.

విధవరాళ్ల ఇళ్లు, ఊరి చివర యానాదుల గుడిసె, మనవల్ని సాకే ముసలివాళ్ల ఇళ్లు అన్నీ కలిశాయి. మస్తానమ్మను పిలిచారు. ఇసుక మీద నుంచి మెల్లగా వచ్చింది.

"నీ గుర్తేందమ్మే?"

"నాకేం గుర్తుండాది మామా? గంపే."

ఆకు మీద గంప గీశారు. నున్నటి తాటాకు మీద లోతుగా, అడ్డంగా నిలువుగా అల్లికలాగా గీతలు. కుండలో వేశారు.

అప్పుడు అవ్వ చెయ్యి పెట్టింది.

చేప వచ్చింది. తెడ్లు వచ్చాయి. దశరథం గారు చాన్నాళ్ల తర్వాత "మంచి పేరు. ఎవరు పెట్టారు?" అనడం విన్నాను. మునెయ్య ఆకు నడుమ వచ్చింది. అన్ని వారాలు అరిచిన మనిషి, తీరా సూది చూసి కొడుకు చెయ్యిని రెండు చేతులా దాచేశాడు.

"సూది ఇంతుంటాదని చెప్పలేదే సారూ! అమ్మకు కోపమొస్తేనో?"

అతని పెళ్లాం నడుమున చెయ్యి పెట్టుకుంది. "మరి ఇన్ని వారాలు ఎందుకు అరిచినావయ్యా? నీ గొంతు బాగుండాదా లేదా అని చూసుకునేదానికా? పట్టుకో పిల్లోణ్ణి."

ఊరంతా నవ్వింది. మునెయ్య కళ్లు మూసుకున్నాడు. కొడుకు మాత్రం పెద్ద కళ్లేసుకుని సూదినే చూశాడు.

మందు అయిపోయింది. కుండ అడుగున ఇంకా కొన్ని ఆకులున్నాయి. చెంగయ్య గారు కుండ వంచి చూశారు. వాటిలో గంప ఉంది.

మస్తానమ్మ ఏడవలేదు. గంగను చంక మార్చుకుని, "పోనీలే మామా. నిన్నటిదాకా కుండలోనే లేను. ఈ పొద్దు కుండలో ఉండా" అంది.

అది మునెయ్యకు ఎక్కడ తగిలిందో నాకు తెలియదు. కొడుకును పెళ్లానికిచ్చి, నేరుగా పోయి తన పడవ కట్టు విప్పాడు. "మందు మన కాడికి రాదంటే మనమే దాని కాడికి పోదాం. కుండలో మిగిలినోళ్లంతా ఎక్కండి" అన్నాడు.

చేతిలో ఐసు

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. మిగిలిన ఆకుల తల్లులు, వాళ్ల పిల్లలు, నేను, దశరథం గారు. గాలి నిండిన తెరచాప నీడలో పిల్లలంతా నిద్రపోయారు. ఖాళీ ఫ్లాస్కు నా ఒళ్లో అలవాటు కొద్దీ ఉంది. నీళ్ల మీద ఎండ పగిలిన గాజులా మెరుస్తోంది. ప్రతి తల్లి చేతిలోనూ తన తాటాకు ముక్క. చెంగయ్య గారు ఎవరిది వాళ్లకిచ్చి, తిరిగి తెచ్చి కుండలో వేయమన్నారు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. సాయంత్రం రైలుకు పెట్టె వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు గారు బయటికి వచ్చి అదే చెప్పారు, తెలియదని. చెప్పి లోపలికి పోకుండా మెట్టు మీద మాతోపాటు కూర్చున్నారు. ఆయన నాకు ఎన్నో ఆర్డర్లు వేసి ఉంటారు, ఒక్కటీ గుర్తులేదు. ఆ మెట్టు మీద కూర్చోవడం మాత్రం గుర్తుంది.

పొద్దువాలుతుండగా పెట్టె వచ్చింది. ఐసు కరగకుండా చుట్టిన పొట్టూ గోనెసంచీ విప్పుతుంటే అందరూ లేచారు. మస్తానమ్మ లేవలేదు. ఆమె వంతు వచ్చి పిలిచినా గంగను గట్టిగా పొదువుకుని కూర్చుంది.

"పోయినసారీ చెయ్యి చాపినా సారూ" అంది.

దశరథం గారు సూది కింద పెట్టేశారు. పెట్టెలోంచి ఒక ఐసు ముక్క తీసి, ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఆమె అరచేతిలో పెట్టారు.

"పోయినసారి ఇది కరిగిపోయిందమ్మా. నీళ్లే ఉన్నాయి. ఈవిడ చెప్పింది, నేను వినలేదు. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది."

ఆమె అరచెయ్యి మూసింది. ఐసు నీళ్లు వేళ్ల మధ్య నుంచి మోచేతి దాకా కారాయి. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. చల్లదనానికి చెయ్యి తిమ్మిరెక్కేదాకా అట్లాగే పట్టుకుంది.

"మీ మాటను నమ్మను సారూ. ఈ సల్లదనాన్ని నమ్ముతా" అని గంగ చెయ్యి చాపింది.

ఆయన సూది తీసుకున్నారు. పేరు అడగలేదు. అందుకని నేనే అడిగాను, "పేరేందమ్మా?" అని. బిడ్డకు ఇంకా మాటలు రావు. తల్లే చెప్పింది, "గంగ" అని.

"మంచి పేరు" అన్నారు దశరథం గారు. ఎవరు పెట్టారని మాత్రం అడగలేదు. ఆ బిడ్డ తండ్రిని తీసుకున్న నీళ్ల పేరే అది.

పొక్కు

టీకా వేయడంతో పని అయిపోదు. పొక్కు లేచిందా లేదా అని వారం తర్వాత వెళ్లి చూడాలి. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పెట్టెలో ఐసు ఉన్న మాట నిజమే. కానీ రైల్లో దారి పొడుగునా ఉందో లేదో ఎవరు చూశారు?

పడవ తాటికుప్పం చేరకముందే, పొగమంచు పలచగా ఉన్న నీళ్లలో ఒక ఆడమనిషి నిలబడి కనిపించింది. మోకాళ్ల లోతు నీళ్లు. ఒకప్పుడు మమ్మల్ని చూసి జనం పారిపోయి దిగిన నీళ్లే అవి. చంకలో బిడ్డ. దగ్గరికి పోయేకొద్దీ మస్తానమ్మ అని తెలిసింది. ఏదో అరుస్తోంది, గాలికి వినపడటం లేదు. ఆఖరికి గంగ చేతిని పట్టుకుని ఆకాశం వైపు ఎత్తింది.

ఆ చేతి మీద ముత్యమంత పొక్కు.

లోకంలో బిడ్డ ఒంటి మీద పొక్కు చూసి అంత సంతోషించిన తల్లిని నేను మళ్లీ చూడలేదు. దశరథం గారు విరిగిన గొడుగును పడవలో పడేసి, ముఖం కడుక్కునే నెపంతో నీళ్లలోకి వంగి చాలాసేపు ఉండిపోయారు.

ఆ ఏడాది అమ్మవారు తాటికుప్పం దాకా వచ్చింది, ఇద్దరు పెద్దవాళ్లను తీసుకుంది. బిడ్డల్ని మాత్రం తాకలేదు. తర్వాత కొన్నాళ్లకు ఐసు అక్కర్లేని పొడి మందు వచ్చింది, రెండు మొనల సూది వచ్చింది. నా చెవికి పని తప్పింది. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ మందే ముందు వచ్చి ఉంటే శీనయ్య బతికేవాడు. ఆలస్యానికి కారణాలు ఎన్నయినా ఉంటాయి. వాటిని తల్లికి చెప్పవచ్చు. తల్లి వాటిని ఒప్పుకోవాలని మాత్రం అడగకూడదు.

ఇంకొక్క సంగతి చెప్పి లేస్తాను. వానలు వెళ్లాక మళ్లీ చేపల వంతులు వేసుకునే రోజున నేను తాటికుప్పంలో ఉన్నాను. అదే కుండ, అదే నీడ. పోలమ్మవ్వ చెయ్యి పెట్టింది. మొట్టమొదట వచ్చిన ఆకును పైకెత్తింది.

గంప.

ఊరంతా గోలెత్తింది. టీకాల నాటి ఆకును ఎవరూ ఏరేయలేదు. "వల లేనామెకు వంతేంది? మళ్లా తియ్యవ్వా!" అన్నారు కొందరు. చెంగయ్య గారు ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అవ్వ ఒళ్లో వేశారు. "కుండలోంచి వచ్చినాక మాట లేదు. అది మన పద్ధతే గదా" అన్నారు. మునెయ్య గొంతు సవరించుకుని, "వల నాదుండాది. సగం చేపలు దానికి" అన్నాడు. ఆ ఏడాది నుంచి మస్తానమ్మ గంపలో ఎండుచేపలతోపాటు సొంత వంతు పచ్చిచేపలు కూడా ఉండేవి.

అందరూ వెళ్లాక అవ్వ దగ్గర కూర్చున్నాను. "ఏందవ్వా, ఆ ఆకును తీసేయడం మరిచిపోయినారా?" అన్నాను.

"గుడ్డిదాన్ని తల్లీ. ఏ ఆకు ఎవురిదో నాకేం తెలుస్తాది?" అంది అవ్వ.

అంటూనే, ఒళ్లో ఉన్న ఆ తాటాకు మీద లోతుగా గీసిన గంప అల్లికను బొటనవేలితో నెమ్మదిగా, ఒక్కో గీతా తడుముతూ నవ్వుతోంది.

ఇక లేవండమ్మా, పొద్దుపోయింది. మీరు చాపమన్న ఏ బిడ్డ చెయ్యీ వట్టి నొప్పితో మిగలకూడదు. మీరు తట్టిన తలుపు లోపల తాలింపు వాసన వస్తూ ఉండాలి. మీ ఇంటి పొయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉండాలి, మీ బిడ్డల పేర్లు అడిగేవాళ్లంతా మంచి పేరనాలి, ఏ కుండ తెచ్చినా అందులో మీ ఇంటి ఆకు ఉండాలి.